ఆయప్ప అంటే ఎవరు?

నాకు పని నేర్పిన సరళ మేడం నోట్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న ఉండేది. "అంటే ఏమిటి?"

రోగికి తల తిరుగుతోందట మేడం అంటే, తిరగడమంటే ఏమిటి అనేవారు. ఇంట్లో గొడవ జరిగిందట అంటే, గొడవంటే ఏమిటి, అరుచుకున్నారా, కొట్టుకున్నారా, మాటలు మానేశారా అని పట్టుకునేవారు. అన్నమంటే ఏమిటి, నీళ్ళంటే ఏమిటి అని కూడా అడుగుతుంది ఈమె అని నేను హాస్టల్లో ఆవిడ గొంతు పెట్టి అందరినీ నవ్వించేదాన్ని. ఆ ప్రశ్న వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇప్పుడు నా దగ్గరకు పని నేర్చుకోవడానికి పిల్లలు వస్తున్నారు. నేనూ వాళ్ళను అదే అడుగుతున్నాను. వాళ్ళూ హాస్టల్లో నా గొంతు పెట్టి నవ్వుకుంటూ ఉంటారు, నాకు తెలుసు. నవ్వుకోనీ.

నా పేరు జయంతి. మాది విడపనకల్లు పక్క పల్లె, ఇంకో నాలుగడుగులు వేస్తే కర్ణాటక. మిరప పండే ఊరు. నేను పుట్టినప్పుడు తేనె బదులు మిరపకాయ నాకించినట్టుండారు అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. బీఈడీ సీటు రాలేదు. ఖాళీగా కూర్చుంటే ఎవరో ఒకరి మెడకు కట్టేస్తారని సోషల్ వర్క్‌ పీజీలో చేరాను. రెండో ఏడాది వారానికి నాలుగు రోజులు అనంతపురంలో ఒక ఆసుపత్రి మానసిక వైద్య వార్డులో పని నేర్చుకోవాలి. మందులు డాక్టర్లు చూసుకుంటారు. ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు, ఇంటికి పోతే ఎవరున్నారు, ఆ ఇంట్లో ఇతనికి చోటుందా, ఊరు ఏమంటుంది, ఇదంతా చూడడం మా పని. మా నాయనకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. మా పాప డాక్టర్లకు సాయం పోతాండాది అని ఊళ్ళో చెప్పుకునేవాడు.

సరళ మేడం తెనాలి మనిషి. అందరినీ అండీ అనేవారు. వార్డు ఊడ్చే భద్రమ్మ కూడా ఆవిడకు భద్రమ్మగారే. మమ్మల్ని సైతం మీరు అనేవారు. కోస్తా నుంచి వచ్చింది, మా మాటలు అర్థంకాక ఇట్లా ప్రతిదానికీ అర్థం అడుగుతోంది పాపం అని నేను జాలిపడ్డాను. నాకు ఆ కష్టం లేదు కదా. ఈ నేల మాట నా నాలుక మీదే ఉంది. రోగి సగం అనగానే మిగతా సగం నేను పూరించగలను. అదే నా గర్వం, అదే నా కొంప ముంచింది.

ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం మీద ఒక అవ్వ ఉండేది. అరవై ఏళ్ళు ఉంటాయి. మూడు నెలల ముందు ధర్మవరం స్టేషన్లో చింపిరి తలతో తనలో తాను మాట్లాడుకుంటూ తిరుగుతుంటే పోలీసులు తీసుకొచ్చి, కోర్టు కాగితంతో చేర్పించారు. పేరు చెప్పకపోవడంతో అందరూ ధర్మవరమవ్వ అని పిలిచారు. మందులు బాగానే పనిచేశాయి. నిద్రపోతోంది, సంగటి అడిగి మరీ పెట్టించుకుంటోంది, తల తానే దువ్వుకుంటోంది. ఊరు, పేరు మాత్రం నోటి నుంచి ఊడిపడవు. చేతికి ఏ కాగితం దొరికినా దాన్ని చుట్టి, కింద మెలిపెట్టి, మంచం పక్కన గోడకు వరసగా నిలబెట్టేది. పాత పేపర్లు, మందుల చీటీలు, ఒకసారి నా నోట్సులోంచి రెండు పేజీలు కూడా అట్లాగే పోయాయి.

ఆ వార్డులో ఉన్నవి పన్నెండు మంచాలు. ఊరూ పేరూ తెలియని మనిషిని ఎన్నాళ్ళని ఉంచుకుంటారు? ఆ నెల ఇరవయ్యో తేదీన ఆమెను ఒక పెద్ద ఆసుపత్రికి పంపాలని కాగితం వచ్చింది. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. అట్లా పంపినవాళ్ళలో మళ్ళీ ఇటు తిరిగి వచ్చినవాళ్ళను తాను చూడలేదని సరళ మేడం అన్నారు. అంత దూరంలో ఈమె మాట ఎవరికి తెలుస్తుంది, ఈమె కోసం వెతికే వాళ్ళు అక్కడికి ఎట్లా పోగలరు అన్నారు. ఆ మాట చెప్పి, ఫైలు నా చేతిలో పెట్టారు. ఆ రోజు ఎనిమిదో తేదీ.

పన్నెండు రోజులున్నాయి. నాకు నాలుగు రోజులు చాలు అనుకున్నాను.

మొదటి రోజు ఊరేదవ్వా అని అడిగాను. పలకలేదు. నీ మొగుని పేరేమవ్వా అన్నాను. పెదాలు బిగించి గోడవైపు తిరిగింది. నాకు భలే సంతోషమైంది. మా అవ్వ కూడా చచ్చేదాకా మా తాత పేరు పలకలేదు. రేషన్ కార్డు రాసేవాళ్ళు వచ్చి అడిగితే పక్కింటామెను పిలిపించి ఆమెతో చెప్పించింది. మొగుని పేరు నోటితో పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ కాలం ఆడవాళ్ళ నమ్మకం. కోస్తా మేడానికి ఇదంతా ఎట్లా తెలుస్తుంది అనుకుంటూ, ఆచారం వల్ల భర్త పేరు చెప్పడం లేదని ఫైల్లో రాసుకున్నాను. అంతవరకు తప్పు లేదు.

మూడో రోజు ఆమె తనంతట తానే మాట్లాడింది. కిటికీలోంచి ఎండను చూస్తూ, ఆయప్ప ఎండకు కూసోనుంటాడు అంది.

మా పక్క ఆయన అనే మాటకు బదులు ఆయప్ప అంటాం. మొగుని పేరు పలకని ఆడవాళ్ళకు మొగుడంటే ఆయప్పే. ఆయప్ప వచ్చినాడు, ఆయప్ప ఇంకా తిన్లేదు. అందుకని నా కలం పరుగెత్తింది. నీడకు పోడా అవ్వా అంటే, కాళ్ళు మడుచుకోని కూసున్నోడు కూసున్నట్టే, యాడ లేస్తాడు అంది. మాట్లాడతాడా అంటే లేదని తల ఊపింది. ఇంట్లో ఉండడా అంటే ఎండకూ వానకూ బయటే అంది. ఆయప్పను చూడను యాడాడ నుంచో జనం వస్తారు, ఫోటోలు పట్టుకోని పోతారు, పక్కన నేనుండేది ఎవురికి కనపడ్తాది అని కూడా అంది.

ఆ సాయంత్రం నేను రాసిన రిపోర్టు ఇది. భర్తకు పక్షవాతం, నడవలేడు, మాట పడిపోయింది. ఇంట్లో చోటు లేక బయట పడేశారు. పరామర్శకు వచ్చే బంధువులు తనను పట్టించుకోరని ఈమెకు మనసులో బాధ. కాగితాలు చుట్టడం అర్థం లేని చేష్ట. ఫోటోల సంగతి నాకు వింతగా కూడా అనిపించలేదు. మంచాన పడ్డవాళ్ళ పక్కన నిలబడి ఫోటో దిగే చుట్టాలు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ కనపడని మొగుణ్ణి తలుచుకుని నేను హాస్టల్లో కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను.

సరళ మేడం రిపోర్టు చదివి, ఆయప్ప అంటే ఎవరు అన్నారు. మొగుడు మేడం అన్నాను. మొగుడని ఆవిడ అన్నారా అని అడిగారు. అనరు మేడం, మా పక్క అట్లా అనరు అన్నాను. సరే, ఈ కాగితాలు చుట్టడమంటే ఏమిటి అన్నారు. ఏమీ లేదు మేడం, అర్థం లేని పని అన్నాను. అర్థం లేదని ఎవరు చెప్పారు అన్నారు. నాకు ఒళ్ళు మండి, మీరే పోయి కనుక్కోండి అనాలనుకున్నాను. మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ధర్మవరం చుట్టుపక్కల మండలాల ఆశా వర్కర్లకు ఫోన్లు చేశాను. పక్షవాతంతో మాట పడిపోయిన ముసలాయన, కనిపించకుండా పోయిన భార్య. రెండు రోజులు ఫోను చెవికి అతుక్కుపోయింది. చివరికి గోరంట్ల దగ్గర ఒక పల్లె నుంచి కబురొచ్చింది. రామదాసు అని ఒకాయన అచ్చం అట్లాగే ఉన్నాడని, భార్య బెంగళూరుకు కూలికి పోతున్నానని చెప్పిపోయి నెలలైనా రాలేదని. నేను ఎగిరి గంతేశాను. మేడానికి చెప్తే మళ్ళీ ఏదో అంటే ఏమిటి అంటారని, చెప్పకుండా పదమూడో తేదీ పొద్దున బస్సెక్కాను.

రామదాసు వేపచెట్టు కింద మంచం మీద ఉన్నాడు. నోరు ఒకవైపుకు జారింది. నేను పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని, తాతా ఏమీ దిగులుపడొద్దు, నీ పెండ్లాము మా దగ్గర భద్రంగా ఉండాది అన్నాను. ఆయన కళ్ళు ఇంతింతయ్యాయి. గట్టిగా తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. సంతోషం పట్టలేక అనుకున్నాను. అప్పుడు ఇంట్లోంచి చేట చేత్తో పట్టుకుని ఒకామె బయటికి వచ్చింది.

"నేను ఈడుండా గదమ్మే. ఆడుండే ఆమె ఎవురు?" అని నన్ను అడిగి, మంచం వైపు తిరిగి, "ఏమప్పా, ఎన్నేండ్ల నుంచి నడస్తాండాది ఇది?" అంది.

ఆమె బెంగళూరు నుంచి తిరిగి వచ్చి వారమైందట. పాపం ఆ మనిషి మాట లేక, లేవలేక, ఒక్క తల మాత్రం ఊపుతూనే ఉన్నాడు. ఆమెకు సర్దిచెప్పడానికి నాకు గంటన్నర పట్టింది. నా ఐడీ కార్డు చూపించాను, దేవుని మీద ఒట్టేశాను. చివరికి నమ్మి మజ్జిగ ఇచ్చింది. నేను రోడ్డెక్కేదాకా వెనక నుంచి చూస్తూనే ఉంది. ఆ కాపురంలో నేను పెట్టిన చిచ్చు పూర్తిగా ఆరిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

మరునాడు వార్డులో ఈ కథ విని భద్రమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుండాది పాపా నీ యవ్వారం అంది. సరళ మేడం నవ్వలేదు, కోప్పడలేదు. నాలుగు తెల్ల కాగితాలు ఇచ్చి, మీ మాట ఒక్కటి కూడా లేకుండా, ఆ అవ్వ అన్న మాటలు అన్నట్టుగా రాసుకుని రండి అన్నారు. ఆయప్ప అంటే ఎవరో కనుక్కోండి అని కూడా అన్నారు.

అంతే, నా నోరు ఊరుకోలేదు. మేడం, మీకు మా భాష రాదు, అందుకే మీకు అడుగడుగునా అనుమానం అన్నాను. నేను ఈ మట్టిలో పుట్టినదాన్ని, ఆయప్ప అంటే ఎవరని మా వాళ్ళను అడిగితే ముఖాన ఉమ్మేస్తారు అన్నాను. వార్డంతా విన్నది. భద్రమ్మ చీపురు ఆపింది.

సరళ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు రాదనే అనుకుందాం. రానిదాన్ని కదా, నా కోసం అడిగి రండి" అన్నారు.

ఆవిడ మీద కసితోనే రాయడం మొదలుపెట్టాను. ఎండకు కూసోనుంటాడు. కాళ్ళు మడుచుకోని కూసున్నోడు కూసున్నట్టే. యాడ లేస్తాడు. చూడను జనం వస్తారు. నాలుగు పేజీలు రాసి, ఒకసారి చదువుకున్నాను. మళ్ళీ చదివాను. ఎక్కడా మొగుడన్న మాట లేదు. జబ్బు అన్న మాట లేదు. పక్షవాతం, చుట్టాలు, ఇంట్లో చోటు లేకపోవడం, అన్నీ నేను వండిపెట్టినవే. పద్నాలుగో తేదీ అయిపోవస్తోంది. ఆ ఆరు రోజులూ నా గొప్పతనానికి ఖర్చయిపోయాయి, నావి కాదు, ఆ అవ్వవి.

పోయి ఆమె మంచం పక్కన కింద కూర్చున్నాను. అడగడానికి ఎంత సిగ్గయిందో చెప్పలేను.

"అవ్వా, నాకు తెలియక అడుగుతాండా. ఆయప్ప అంటే ఎవురు?"

ఆమె మొదటిసారి నా ముఖంలోకి నేరుగా చూసింది. ఇంత మొద్దు పిల్లా అని జాలిపడినట్టే ఉంది.

"ఏమ్మే, ఆయప్ప తెలీదా? బసవన్న."

బసవన్న అని రాసేశాను. భర్త పేరు అన్న గడిలోకి కలం పోయింది, అక్కడే ఆగింది. మొగుని పేరు అడిగితే గోడవైపు తిరిగిన మనిషి ఈమె. ఇప్పుడు కన్నార్పకుండా పేరు పలికింది. మా అవ్వ కూడా దేవుళ్ళ పేర్లు, ఎద్దుల పేర్లు, ఊళ్ళో అందరి మగవాళ్ళ పేర్లు పలికేది, ఒక్క మా తాత పేరు తప్ప. ఎవరి పేరు ఇంత సులువుగా పలికిందో వాడు ఈమె మొగుడు కాడు.

బసవన్న నీకేమవుతాడవ్వా అని అడిగాను. నాకేమవుతాడమ్మే, దేవుడు గదా అంది. మెడనిండా గంటలు, అంత పెద్ద రాయి, లేస్తే లోకం ఆగుతాదా అంది.

లేపాక్షి బసవన్న! ఊరి మొదట్లో, రోడ్డు పక్కన, ఎండకూ వానకూ కాళ్ళు మడుచుకుని కూర్చున్న రాతి నంది. ఎనిమిదో తరగతిలో బడివాళ్ళు తీసుకుపోతే, ఆయన ముందు నిలబడి నేనూ ఫోటో దిగాను. గేటు బయట ఉడకబెట్టిన చెనిక్కాయలు, అదే వేరుశనగకాయలు, పొట్లం కొనుక్కుని తిన్నాను. పొట్లం అనుకోగానే నా చూపు గోడ పక్కకు పోయింది. వరసగా నిలబడి ఉన్నాయి, కింద మెలిపెట్టి, పైన నోరు తెరుచుకుని. మూడు నెలలుగా ఆమె పొట్లాలు కడుతూనే ఉంది. అర్థం లేని చేష్ట అని రాసిన చేతిని నరుక్కోవాలనిపించింది.

బసవన్న కాడ చెనిక్కాయలు అమ్మేదానివా అవ్వా అని మెల్లగా అడిగాను. ఆమె గబుక్కున నా నోటి మీద చెయ్యి పెట్టింది. గట్టిగా అనొద్దు, వాళ్ళు వింటారు అంది. అప్పుడు కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. ఎవరూ లేనిచోట గొంతులు వినిపించేవట ఆమెకు. నువ్వు ఈడుంటే ఇల్లు కాలుస్తాం, ఎవరి పేరు చెప్తే వాళ్ళను చంపుతాం అనేవట. అందుకని ఇల్లు బతకాలని ఒకరోజు పొద్దున లేచి నడుచుకుంటూ పోయింది. అందుకే ఊరు చెప్పలేదు, పేరు చెప్పలేదు. మందులతో ఆ గొంతులు ఆగినా భయం ఆగలేదు.

"మరి బసవన్న పేరు చెప్పినావే?" అన్నాను.

"ఆయప్పను ఎవురేం చేస్తారమ్మే? రాయి గదా."

నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. తనవాళ్ళందరినీ నోట్లోనే దాచిపెట్టుకుని, ఎవరూ ఏమీ చేయలేని ఒక్కడి గురించి మాత్రమే మాట్లాడింది ఆ తల్లి. మేం దానికి మతిమరుపనీ, మొండితనమనీ పేర్లు పెట్టాం.

సరళ మేడానికి చెప్తే, ఆవిడ లేచి నేరుగా అవ్వ దగ్గరకు పోయారు. ఇల్లు ఎవరూ కాల్చరమ్మా, అదంతా భ్రమ అని నేనైతే అనేదాన్ని. ఆవిడ అనలేదు. మేము పోయి మీ ఇల్లు ఉందో కాలిందో కళ్ళతో చూసి వచ్చి మీకు చెబుతాం, వెళ్ళమంటారా అని అడిగారు. అవ్వ చాలాసేపు ఆలోచించింది. దూరం నుంచి చూడండి అని ఒప్పుకుంది.

మరునాడు పదిహేను. హిందూపురం మీదుగా లేపాక్షి చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. బసవన్న కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉన్నాడు. గేటు బయట జామకాయలు, దోసకాయ ముక్కలు, కొబ్బరిబోండాల వాళ్ళు వరసగా ఉన్నారు. ఆ వరసలో ఒకచోట మాత్రం ఖాళీ. అక్కడ నాలుగు మడతలు పెట్టిన గోనెసంచి, దాని మీద ఒక రాయి. పక్కనే తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన ఒట్టి నేల మీద చెనిక్కాయల గంప పెట్టుకుని కూర్చున్నాడు.

సంచి పరిచి ఉండగా ఈయన మట్టిలో ఎందుకు కూర్చున్నాడు? ముందైతే నేనే ఏదో ఒక కారణం చెప్పేసేదాన్ని. ఈసారి అడిగాను.

"అది మా ఇంటామె జాగా. నేను కూసుంటే అలవాటైపోతాది. ఆమె వచ్చినాక యాడ కూసుంటాది?" అన్నాడు.

ఎనిమిది నెలలుగా ఆ సంచి అక్కడే ఉందని దోసకాయలామె చెప్పింది. ఆయన పేరు బాలప్ప. ఆమె చెన్నమ్మ. బాలప్ప హిందూపురం, పెనుకొండ, బెంగళూరు దాకా తిరిగాడు. చేతిలో ఉన్నది ముప్పై ఏళ్ళ కిందటి ఫోటో, అది చూపిస్తే ఎవరు గుర్తుపడతారు? ధర్మవరం వైపు పోవాలని తట్టలేదు. ఆమె బతికే ఉంది, బాగుంది అని సరళ మేడం చెప్పగానే, ఆయన బసవన్న వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ తర్వాత మేడానికి పెట్టబోతే ఆవిడ చేతులు పట్టుకుని ఆపి, నన్ను చూపించారు. ఈ పాపే అడిగి తెలుసుకుంది అన్నారు. నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది. ముందు ఇల్లు చూపించమన్నాం. మట్టిమిద్దె, చెక్కుచెదరలేదు. మాట ఇచ్చాం కాబట్టి, వీధి చివర నిలబడి దూరం నుంచే చూశాం.

తిరుగు బస్సులో బాలప్ప ముందు సీట్లో గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను మేడం పక్కన కూర్చుని, నోరు జారాను, క్షమించండి అన్నాను. మీకు భాష రాదన్నందుకు అన్నాను.

"నేను ఈ జిల్లాకు వచ్చి ఇరవై రెండేళ్ళయింది జయంతీ. మా ఆయనది కళ్యాణదుర్గం. మా అత్తగారు నా పెళ్ళైన రోజు నుంచి మా మామగారిని ఆయప్ప అనే అంటారు. ఆ మాటకు అర్థం నాకు తెలియదనుకున్నావా?"

"మరి ఎందుకడిగినారు మేడం?"

"తెలుసు కాబట్టే. తెలియని మాట దగ్గర ఎవరైనా ఆగుతారు. తెలిసిన మాట దగ్గరే ఆగకుండా పోతాం."

ఆ రోజు ఆవిడ మొదటిసారి నన్ను నువ్వు అన్నారు. ఇరవై రెండేళ్ళుగా వచ్చిన భాషను రానట్టు మింగేసి, ప్రతి మనిషి ముందూ మొద్దులా కూర్చోవడానికి ఎంత ఓర్పు కావాలో అప్పుడర్థమైంది. నా తలపొగరుకు నన్ను పంపించేసి ఉండవచ్చు. పంపలేదు, నాలుగు తెల్ల కాగితాలిచ్చారు. నేను తినే ప్రతి ముద్దలో ఆ కాగితాల రుణం ఉంది.

వార్డులోకి బాలప్ప వస్తుంటే చెన్నమ్మ లేచి నిలబడింది. ఇద్దరూ దగ్గరకు రాలేదు. ఇల్లు కాలినాదా అని అడిగింది. కాల్లేదు, ఈ గంప ఆ ఇంట్లోదే గదా అన్నాడు. ఆమె గంపను నాలుగువైపులా తడిమి చూసింది. తర్వాత గోడ పక్కనున్న పొట్లాలు ఒక్కొక్కటే తీసి, పిడికెడు పిడికెడు చెనిక్కాయలు పోసి, వార్డులో అందరికీ పంచింది. నాకు ఇచ్చిన పొట్లం నా నోట్సు కాగితమే. నేను రాసిన అబద్ధాలు కాయల తడికి మసకబారి ఉన్నాయి.

డాక్టరు నెల మందులిచ్చి, ఆ తర్వాత హిందూపురంలో చూపించుకోమని, గొంతులు మళ్ళీ వినిపిస్తే దాచొద్దని ఇద్దరికీ చెప్పారు. పెద్ద ఆసుపత్రి కాగితం రద్దయింది. పంతొమ్మిదో తేదీన నేను డిశ్చార్జి రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పేరు చెన్నమ్మ, ఊరు లేపాక్షి. తర్వాతి గడి భర్త పేరు. నాకు తెలుసు, ఎదురుగానే ఉన్నాడు. కలం కదిలించబోయి, మేడం వైపు చూశాను. కలం ఎత్తేశాను.

నీ మొగుని పేరేమవ్వా అని అడిగాను.

ఈసారి ఆమె గోడవైపు తిరగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మోచేత్తో బాలప్పను పొడిచింది.

"నన్నడుగుతావేమ్మే? ఆయప్పనడుగు."

భద్రమ్మ అప్పటికే నవ్వుతోంది. నేను నవ్వు ఆపుకుని, నాకు పని నేర్పినావిడ వింటుండగా అడిగాను.

"ఆయప్ప అంటే ఎవురవ్వా?"

"ఇంగెవురు?" అంది చెన్నమ్మ. "నా మొగుడు."

అప్పుడు రాసుకున్నాను.